కుక్క ఫొటో వెనకవైపు

మార్చి 4, సోమవారం

ఇవాళ్టికి నూట పదహారు పెట్టెలు పూర్తయ్యాయి. ఇంకా తొంభై ఎనిమిది. ప్రొఫెసర్ గారికి లెక్క చెబితే, "మీరు దొరక్కపోతే ఈ ప్రాజెక్టు మూలపడేదండీ" అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కత్తెర పట్టుకుని బతికినవాణ్ణి, పొగిడితే ఎటు చూడాలో తెలియదు. పెట్టెల వైపే చూశాను.

మా పేపరు మూతపడి పదకొండేళ్ళు. బైండు చేసిన పాత సంచికలన్నీ నేలమాళిగలో నీళ్ళకి నాని ముద్దయిపోయాయి. మిగిలినవి మా కటింగ్ సెక్షన్ కవర్లే. అంటే నేను కత్తిరించి, తేదీ ముద్ర కొట్టి, కవర్లలో పెట్టినవి. ఇప్పుడు వాటినే మళ్ళీ బయటికి తీసి ఒక్కో వార్తకి ఒక్కో కార్డు రాస్తున్నాను. ఎప్పుడు జరిగింది, ఎంతమంది పోయారు, తప్పు ఎవరిదని పేపరు రాసింది. ప్రమాదాల్లో పేపర్లు తప్పు ఎవరి నెత్తిన రుద్దాయో తేల్చడమే ప్రొఫెసర్ గారి పరిశోధన. కార్డు అడుగున ఇంకో గడి ఉంది: కాగితం పాడై ఉంటే కారణం రాయాలి. చెదలు, తడి, జిగురు, కత్తెర. ఈ నాలుగే రాయాలని ఆవిడ నియమం. వయసు అని రాస్తే ఒప్పుకోరు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అక్క వంటింట్లోంచే అడిగింది, "దొరికిందా?" అని.

"లేదక్కా" అన్నాను.

మార్చి 5, మంగళవారం

దొరికిందా. లేదక్కా.

మార్చి 7, గురువారం

ఈరోజు 'రైలు గేట్లు' పెట్టె తెరిచాను. ఎప్పుడో ఒకరోజు ఇది వస్తుందని తెలుసు. తెలిసిందే కదా అని మామూలుగా తెరిచాను.

ఇరవై రెండేళ్ళ నాటి ప్రమాదం. గేటు తెరిచి ఉంది, బస్సు పట్టాల మీదికి వచ్చింది, రైలు కొట్టింది. పదకొండు మంది పోయారు. 'తాగిన మత్తులో గేటు వెయ్యని కాపలాదారు' అని మొదటి పేజీలో నాలుగు కాలమ్‌ల శీర్షిక. ఆ కాపలాదారు మా అక్క భర్త. మా బావ.

పేపరు ఏం రాసిందో అదే కార్డు మీద రాయాలి, మన అభిప్రాయం రాయకూడదు. 'తప్పు ఎవరిది' అన్న గడిలో 'గేట్‌మేన్, తాగుడు' అని రాశాను. ఆ ప్రమాదం మీదే పదిహేడు కార్డులు అయ్యాయి, పదిహేడింట్లోనూ అదే మాట. నా రాత చక్కగానే వచ్చింది. మధ్యలో టీ కూడా తాగాను.

బావ తాగడు. పెళ్ళిలో బలవంతం చేసినా తాగలేదు.

అక్క వెతకమనేది ఈ పదిహేడింటిలో లేదు. ప్రమాదం జరిగిన నెల తర్వాత నాలుగో పేజీలో వచ్చిందట. బావని చూడ్డానికి జైలు దగ్గర కూర్చుంటే పక్కన ఎవరో పేపరు చదువుతున్నాడట. అక్క అతని భుజం మీదుగా ఆ వార్త మొత్తం చదివింది. గేటు దగ్గరి గంట పాడైందని బావ మూడుసార్లు రిజిస్టర్‌లో రాశాడనీ, ఆ రిజిస్టర్ మాయమైందనీ, ఆ గంట బాగుచేయాల్సిన లైన్‌మేనే పేపరు వాళ్ళతో చెప్పాడట. రైలు వస్తోందని చెప్పే గంటే మోగకపోతే గేటు ఎవడు వేస్తాడు? ఆ కాగితం ఇమ్మని అడిగితే ఆ మనిషి మడిచి చంకలో పెట్టుకుని లోపలికి పోయాడట. అక్క ఇంకెక్కడా వెతకలేదు. "నా తమ్ముడు ఆ పేపరాఫీసులోనే ఉన్నాడు, నాకేం దిగులు అనుకున్నానురా" అంటుంది ఇప్పటికీ.

నేను అప్పుడే వెతికాను. పేపరుకి రెండు వైపులూ వార్తలుంటాయి. ఒకవైపు కత్తిరిస్తే వెనకవైపుది పోతుంది. అందుకే మా సెక్షన్‌కి రోజూ రెండు కాపీలు వచ్చేవి, ముందుది ఒకదాంట్లోంచి, వెనకది ఇంకోదాంట్లోంచి కత్తిరించాలి. ఆరోజు రెండో కాపీ రాలేదు. అంతే సంగతి.

మార్చి 8, శుక్రవారం

రెండో కాపీ రాని రోజులు ఉండేవి. రాయకపోతే మర్చిపోతానని రాస్తున్నాను.

మార్చి 11, సోమవారం

నాకు చెప్పకుండా అక్క ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసింది. నా సంచిలో ఉన్న ప్రాజెక్టు కాగితం మీద నంబరు చూసి చేసిందట. అరవై ఎనిమిదేళ్ళు, కళ్ళజోడు లేకపోతే ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియదు, ఆ చిన్న అంకెలు మాత్రం ఎలా కనిపించాయో.

ప్రొఫెసర్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆయన మీ బావగారని ఒక్కసారి కూడా చెప్పలేదే?"

"సందర్భం రాలేదండీ."

"పదిహేడు కార్డులు రాశారు కదండీ, సందర్భం రాకపోవడమేంటి!"

ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. తర్వాత విషయం చెప్పారు. పుస్తకం చివర పెద్ద పట్టిక ఉంటుంది, ఒక్కో ప్రమాదానికి ఒక్కో వరస. బావ పేరు ఎదురుగా 'తాగుడు' అని పడుతుంది. పుస్తకం అచ్చయ్యాక ఇక ఎవరూ మార్చరు, అందరూ దాన్నే ఎత్తి రాసుకుంటారు. ఆ వరస మారాలంటే ఆ వార్త కావాలి. చిన్న ముక్క దొరికినా చాలు, కానీ మొత్తం చదివినవాళ్ళు ఇద్దరు ఒకే సంగతి చెప్పాలి.

"మీ అక్కగారు ఒకరు. రెండోవాళ్ళు దొరకాలి. లైన్‌మేన్ ఉన్నాడా?"

"లేడండీ. కోర్టుకి రాకముందే దూరం బదిలీ చేశారు. ఆ ఏడే పోయాడు."

ఇరవై ఒకటిన అక్కని పిలిచారు, ఆమె చెప్పేది రికార్డు చేస్తారు. నన్నే తీసుకురమ్మన్నారు.

అక్క హుషారుగా ఉంది. ట్రంకుపెట్టె మంచం కింద నుంచి లాగి దుమ్ము దులిపింది. దొరికిందా అంది. లేదక్కా అన్నాను.

మార్చి 13, బుధవారం

జిగురుని కలిశాను. మా సెక్షన్‌లో కటింగులు అంటించేవాడు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎవరూ వాడలేదు. టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాం. మాట మధ్యలో, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"మనకి రెండో కాపీ రాని రోజులుండేవి కదరా?"

"ఎప్పుడు?" అన్నాడు. "ప్రెస్సులో సమ్మె జరిగిన రోజు కూడా వచ్చింది. మిషన్ హాల్లోంచి రెండూ తెచ్చి నీ బల్ల మీద పడేసేది నేనే కదట్రా!"

"ఏమో, ఒకటో రెండో రోజులు..."

"ఒక్కరోజు కూడా లేదు. నువ్వే ఒకసారి ఆరోజు పేపరు తెచ్చి నా జిగురు గిన్నె కింద పరిచావు. తిట్టాను, గుర్తులేదూ? పాత కాగితాలు కుప్పలుండగా ఇవాళ్టిదే దొరికిందా నీకు అని."

"గుర్తులేదు."

"నాకుంది. దాని మీద గిన్నె ఒలికి మొత్తం అట్టకట్టింది. అయినా నీకెందుకురా ఇప్పుడా గొడవ?"

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడట. నేను టీ గ్లాసు తడుముకున్నాను. అదప్పటికే ఖాళీ.

మార్చి 14, గురువారం

ప్రాజెక్టుకి పనికిరావని పక్కన పెట్టిన పెట్టెలు కొన్ని కిటికీ కింద ఉన్నాయి. సినిమాలు, వాతావరణం, పెంపుడు జంతువులు. చోటు చాలట్లేదని వాటిని సర్దాను. సర్దుతుంటే పెంపుడు జంతువుల పెట్టె ఎందుకో చేతికొచ్చింది.

ఎందుకో ఏంటి. తిన్నగా దాని దగ్గరికే వెళ్ళాను. ఎవరికోసం రాస్తున్నాను ఈ అబద్ధాలు, ఈ డైరీ చదివేది నేనొక్కణ్ణే కదా.

'కుక్కలు' అని రాసి ఉన్న కవరు. ఆరో కాగితం. తెల్ల కుక్క, మెడలో పతకం, జంతు ప్రదర్శనలో మొదటి బహుమతి. యజమాని చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. తేదీ ముద్ర స్పష్టంగా ఉంది. మూడో పేజీ.

తిప్పి చూశాను. నాలుగో పేజీ. 'గేటు గంట మోగదని ముందే మూడుసార్లు' అన్న దగ్గర శీర్షిక తెగిపోయింది. దాని కింద ఒక కాలమ్ నిండుగా ఉంది. రెండో కాలమ్‌లో ఒక్కో వరసకి రెండేసి అక్షరాలు మిగిలాయి. మిగతాదంతా కుక్క చెవి దగ్గర నా కత్తెర తిరిగిన చోట పోయింది. ఎంత నున్నగా కత్తిరించాను! ఒక్క అంచు కూడా చిరగలేదు.

మార్చి 15, శుక్రవారం

దానికి కార్డు రాశాను. నష్టానికి కారణం అన్న గడిలో 'చెదలు' అని రాశాను. చెదలు తిన్న కాగితం ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. కార్డు చించేశాను. కుక్కని డైరీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ప్రాజెక్టు కాగితం గది దాటి తేవడం ఇదే మొదటిసారి.

దొరికిందా అంది అక్క. సంచి భుజానికి ఉండగానే, లేదక్కా అన్నాను.

మార్చి 16, శనివారం

తలనొప్పి. ఏమీ రాయను.

మార్చి 18, సోమవారం

రాస్తాను. ఒక్కసారి రాసేస్తే వదులుతుందేమో.

ప్రమాదం జరిగిన మర్నాడు మా న్యూస్ రూమ్‌లో సబ్ ఎడిటర్ శీర్షిక పైకి చదివి, "పట్టాల పక్కన ఉద్యోగమిస్తే వీడు సీసా పట్టాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే కొంచెం ముందే నవ్వాను. ఆ గేటువాడు మా బావ అని అక్కడ ఒక్కడికీ తెలియదు. చెబుదామనుకుంటూనే ఒకరోజు గడిచింది, ఆ ఒకరోజు కాస్తా నెలయింది. ఆ నెలలోనే నన్ను సెక్షన్ ఇన్‌చార్జిని చేస్తారని మాట వచ్చింది. నవ్వినవాడు నెల తర్వాత వెళ్ళి ఆయన మా బావండీ అంటే ఏమనుకుంటారు?

నాలుగో పేజీలో ఆ వార్త వచ్చిన రోజు పొద్దున్నే చూశాను. రెండుసార్లు చదివాను. దాన్ని కత్తిరిస్తే కవరు మీద బావ పేరు రాయాలి. అక్క అడుగుతుంది, లాయరు వస్తాడు, ఆఫీసులో అందరి ముందూ ఇతను మీ తమ్ముడా అంటారు. అప్పుడు ఇంతే ఆలోచించాను. జైల్లో ఉన్న మనిషి గురించి ఆలోచించలేదు. కాగితం తిప్పితే వెనక కుక్క ఉంది. కుక్క ఫొటో ఎవరూ కత్తిరించమనలేదు, కుక్కల కవరు ఎవడూ ఏనాడూ అడగలేదు. మొదటి కాపీలోంచి కుక్కని కత్తిరించాను. రెండో కాపీ తీసుకెళ్ళి జిగురు గిన్నె కింద పరిచాను.

కావాలని చేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మూడు వారాల తర్వాత లాయరు దగ్గర్నుంచి మా ఆఫీసుకి ఉత్తరం వచ్చింది, ఆ వార్త నకలు ఇప్పించండి అని. అప్పటికి ఇన్‌చార్జిని నేనే. 'అడిగిన వార్త మా సేకరణలో లేదు' అని చీటీ రాసి పంపాను. బెయిలు అర్జీ కొట్టేశారు. ఎనిమిది నెలలకి బావ జైలు ఆసుపత్రిలోనే పోయాడు. చివరిసారి చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, "పోనీలేరా, నువ్వు మాత్రం ఏం చేస్తావు. మీ అక్కని చూసుకో" అన్నాడు.

చూసుకుంటున్నాను. ఇరవై ఒక్క ఏళ్ళుగా నా ఇంట్లోనే ఉంది. ఎంత మంచి తమ్ముడమ్మా అంటుంది పక్కింటావిడ.

రాసేశాను. వదల్లేదు.

మార్చి 20, బుధవారం

రేపే. అక్క చీర ఇస్త్రీ చేయించుకుంది. ట్రంకుపెట్టెలోంచి కాగితాలు తీసి గుడ్డసంచిలో పెట్టుకుంది. ఏం కాగితాలక్కా అంటే, "మీ బావవి" అంది.

అన్నం తినేటప్పుడు చెబుదామనుకున్నాను. మజ్జిగ పోసుకునేదాకా ఆగాను. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని లేచాను. దొంగకి తేలు కుట్టడమంటే ఏంటో చిన్నప్పుడు బళ్ళో చెబితే నవ్వాను.

రేపు పొద్దున టీ తాగేటప్పుడు చెబుతాను.

మార్చి 21, గురువారం

టీ తాగేటప్పుడు చెప్పలేదు. బస్సులోనూ చెప్పలేదు.

ప్రొఫెసర్ గారి గదిలో అక్క కిటికీ పక్కన కూర్చుంది. నేను బీరువా దగ్గర నిలబడి సర్దిన కార్డులే మళ్ళీ సర్దుతున్నాను. అక్క జైలు దగ్గర చదివిన వార్త చెప్పింది. గంట, రిజిస్టర్, మూడుసార్లు. చివర్లో ఏదో మంచి మాట ఉండేది, లైన్‌మేన్ అన్నది, అదొక్కటి గుర్తు రావట్లేదని బాధపడింది. తర్వాత సంచిలోంచి కాగితాలు ఒక్కోటీ బల్ల మీద పెట్టింది. బావ ఉద్యోగం కాగితం. జైలు నుంచి రాసిన రెండు ఉత్తరాలు. చావు సర్టిఫికెట్. చిట్టచివర మడతల దగ్గర చిరగబోతున్న ఒక చీటీ.

ఆ చీటీ రంగు చూస్తూనే గుర్తుపట్టాను. మా ఆఫీసు చీటీలు లేత పసుపు.

ప్రొఫెసర్ గారు దాన్ని తీసుకుని చదివారు. మళ్ళీ చదివారు. ఆరు నెలలుగా ఆవిడ రోజూ చదివేది నా రాతే. 'లేదు' అని రాస్తే లే మీద ఏత్వం పైకి లాగి మెలి తిప్పడం నాకు అలవాటు, ఆవిడ ఒకసారి సరదాగా అన్నారు కూడా. చీటీ మీంచి కళ్ళెత్తి బీరువా వైపు చూశారు.

"ఇది..."

"ఎవరు రాశారో అడక్కండమ్మా" అంది అక్క. గొంతులో మార్పేమీ లేదు. "లాయరు గారు తెచ్చి ఇచ్చిన రోజే నాకు తెలిసింది. వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. రోజూ పేపరంతా కత్తిరించేవాడి దగ్గర అదొక్కటే ఎలా లేకుండా పోతుంది? మీ పుస్తకంలో వాడి పేరు వెయ్యొద్దు. మా ఆయన వరస ఒక్కటి మార్చగలిగితే చాలు."

నా చేతిలోని కార్డులు కింద పడ్డాయి. ఏరుకోవడానికి వంగి, కాసేపు అలాగే వంగి ఉన్నాను. అక్క నా వైపు తిరగలేదు. లేచి నా సంచిలోంచి డైరీ తీశాను, అందులోంచి కుక్కని తీసి బల్ల మీద బోర్లా పెట్టాను.

"రెండో మనిషిని నేనేనండీ" అన్నాను. "మొత్తం చదివాను. మిగతాది నాకు తెలుసు."

నన్ను పక్కగదిలో కూర్చోబెట్టి కాగితం ఇచ్చారు. వార్త మొత్తం రాశాను. ఎక్కడా ఆగాల్సిన అవసరం రాలేదు. కార్డు కూడా నన్నే రాయమన్నారు. నష్టానికి కారణం: కత్తెర. నియమం ప్రకారం అంతవరకే రాయాలి. పక్కన 'నాది, తెలిసే' అని చేర్చి సంతకం పెట్టాను. ఆవిడ కొట్టెయ్యలేదు.

మార్చి 22, శుక్రవారం

ఈరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆ చివరి మాట చెప్పు" అంది.

చెప్పాను. "ఇరవై ఏళ్ళుగా ఆ మనిషి నాకు తెలుసు. డ్యూటీలో అతని నోటికి తగిలింది నా ఫ్లాస్కులో టీ ఒక్కటే. గంట మోగి ఉంటే గేటు పడేది" అని లైన్‌మేన్ అన్న మాట.

"ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాను. కళ్ళు మూసుకుని వింది. పెదాలు కదిలాయి, తనలో తను అనుకుంటోంది. తర్వాత కళ్ళు తెరిచింది.

"పొల్లు పోకుండా గుర్తుందే నీకు" అంది. "ఇన్నేళ్ళూ నీ దగ్గరే ఉందన్నమాట. కాగితం లేకపోతే పోయింది, నాకు నోటితో చెప్పినా సరిపోయేది కదరా. ఒక్కసారి. మీ బావకి చెప్పి ఉన్నా సరిపోయేది."

నిజమే. ఇది నాకు ఎన్నడూ తట్టలేదు. కాగితం దాచడం ఒక్కటే నేరమనుకుంటూ వచ్చాను. దాని కింద ఇంకోటి ఉందని, దాన్ని రోజూ చేశానని, లేదక్కా అన్న ప్రతిసారీ చేశానని ఈరోజు తెలిసింది. ఏడ్చాను. అరవై రెండేళ్ళవాణ్ణి, అన్నం కంచం ముందు కూర్చుని ఏడ్చాను. అక్క ఓదార్చలేదు. కంచం తీసుకెళ్ళి కడిగింది.

"తెలిసీ ఎందుకక్కా రోజూ అడిగావు?" అన్నాను.

"నువ్వే చెబుతావని."

మార్చి 24, ఆదివారం

అన్నం పెడుతుంది. తింటున్నాను.

మార్చి 26, మంగళవారం

ప్రొఫెసర్ గారు పిలిచి చూపించారు. పట్టికలో బావ వరసలో 'తాగుడు' తీసేశారు. 'గంట పాడైంది, గేట్‌మేన్ మూడుసార్లు ఫిర్యాదు చేశాడు' అని రాశారు. కింద ఆధారం: ముక్క, ఇద్దరు చదువరులు. నా పేరు లేదు.

తర్వాత ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు రాసిన ఆరువేల కార్డులూ ఇప్పుడు ఇంకొకరు సరిచూడాలండీ. మీ మీద కోపం కాదు. కానీ చూడక తప్పదు. అంతవరకూ మీరు రావద్దు" అన్నారు. తప్పు పట్టడానికేముంది? నేనైనా అదే చేస్తాను. బల్ల సొరుగులో నా కత్తెర ఉంటే అక్కడే వదిలేసి వచ్చాను.

మధ్యాహ్నానికే ఇల్లు చేరాను. అక్క బఠానీలు ఒలుస్తోంది. గుమ్మంలో చెప్పులు విప్పి, సంచి కొక్కేనికి తగిలించి, కాసేపు అక్కడే నిలబడ్డాను. బఠానీలు గిన్నెలో పడుతున్నాయి. అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. ఇక ఎప్పుడూ అడగదు.

"దొరికిందక్కా" అన్నాను.

తల ఎత్తలేదు. ఇంకో కాయ తీసుకుని ఒలిచింది.

"తెలుసు" అంది.